ఎనిమిదో సవరణ

పదకొండింటికి పిలుస్తామన్నారు, ఆమె పదింటికే వచ్చి కూర్చుంది. ఈ భవనంలోకి ఎప్పుడొచ్చినా గంట ముందే రావడం తొమ్మిదేళ్ళ అలవాటు. ఆలస్యంగా వస్తే అందరి తలలూ ఒక్కసారే తిరుగుతాయి, ముందే వచ్చి కూర్చుంటే ఒక్కొక్క తలే తిరుగుతుంది, ఒక్కొక్కటైతే తట్టుకోవచ్చు. రెండో అంతస్తు వరండా, సెమినార్ గది బయట చెక్కబల్ల, దాని పొట్టి కాలు కింద ఎవరో మడిచి పెట్టిన అట్టముక్క. ఒళ్ళో మూడువందల తొంభై పేజీల సిద్ధాంత గ్రంథం, దాని మీద ఒకే ఒక్క కాగితం, తప్పొప్పుల పట్టిక. మౌఖిక పరీక్ష మొదలవగానే అభ్యర్థి లేచి నిలబడి గ్రంథంలో తన కంటపడిన తప్పుల్ని తనే చదివి వినిపించాలి. ఈ శాఖలో అది పాత పద్ధతి, గైడుగారి గైడుగారి కాలం నుంచి వస్తోంది. పరీక్షకులు పట్టుకోకముందే మన తప్పు మనం ఒప్పేసుకుంటే దాని జోలికి ఇక ఎవరూ రారు. నిన్న టైపు చేయించింది. ఏడున్నాయి. పద్నాలుగో పేజీలో ఒక సంవత్సరం తారుమారైంది, ఎనభైఎనిమిదిలో ఒక అధస్సూచిక ఎగిరిపోయింది, నూటముప్ఫైలో ఒక పేరా రెండుసార్లు పడింది, ఇలాంటివే ఇంకో మూడు, చివరిది కృతజ్ఞతల పేజీలో, తనుండే ఇంటికి పెద్దదిక్కైన పెద్దమ్మ వయసు. డెబ్బైఒకటి అని పడింది, అరవైనాలుగు అని ఉండాలని పెద్దమ్మ పట్టుబట్టింది. నిజానికి అది తప్పే కాదు, ఉన్న వయసే పడింది, అయినా పట్టికలో చేర్చక తప్పలేదు. ఏడూ చిన్నాచితకా తప్పులే. ఎనిమిదోది కాగితం మీద లేదు.

పేజీ రెండువందల పన్నెండు, కింది నుంచి మూడో వాక్యం. "ఈ మాటలు ఇంతవరకు ఆ ఇంటి గడప దాటలేదు." రాసిన నాటికి అది నిజమే, ఆ మాటకొస్తే గ్రంథంలో ఆమెకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే, రాసిన రోజు కుర్చీలో వెనక్కి వాలి దాన్ని తనకు తానే రెండుసార్లు చదువుకుంది. గ్రంథం దాఖలు చేసిన రెండు నెలలకి ఆ వాక్యం అబద్ధమైంది. అబద్ధం చేసింది వేరెవరో కాదు, తనే. ఆ సంగతి ఆ ఇంట్లో తనకొక్కదానికే తెలుసు. బయట ఇంకొకతనికి కూడా తెలుసు, కానీ అతను చెప్పడు. ఇవాళ ఆ గదిలో నిలబడి ఎనిమిదో సవరణ చదివితే, ఇరవై రెండు రోజులుగా గడప మెట్టు మీద కూర్చుని అందరి తర్వాత అన్నం తింటున్న మనిషి, ఇంట్లో అందరూ రేడియో అని పిలిచే ఆవిడ, లేచి లోపలికి వస్తుంది. చదివితే పెద్దమ్మ కుర్చీ దిగాల్సివస్తుంది. చదవకపోతే డాక్టరేటు వస్తుంది, పెద్దమ్మ కుర్చీలోనే ఉంటుంది, రేడియో మెట్టు మీదే ఉంటుంది. ఇందులో తిరకాసేమీ లేదు, మూడు వారాలుగా అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉంది, ఎటు తిప్పినా ఇంతే.

అటెండరు తుడుపుకర్రతో వచ్చి "కాళ్ళు కాస్త పైకెట్టమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడు. మొదటి ఏడాది ఏమీ అనేవాడు కాదు, గోడవైపు చూసి "ఫారాలు అక్కడివ్వాలి", "సారు లేరు" అని పోయేవాడు, తనతో మాట్లాడాడో గోడతో మాట్లాడాడో తేల్చుకోవాల్సివచ్చేది. గైడుగారికైతే మూడు నెలలు పట్టింది. "ఏమయ్యా" అని మొదలెట్టి నాలుక కరుచుకునేవారు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకునేవారు, ఆ మూడు నెలల్లో ఆయన కళ్ళజోడంత శుభ్రమైన వస్తువు ఈ భవనంలో ఇంకోటి లేదు. ఒకరోజు పొద్దున "రామ్మా, కూర్చో" అన్నారు, ఆ తర్వాత ఒక్కసారి కూడా తడబడలేదు. నీళ్ళు తాగకుండా వస్తోందని, సాయంత్రం దాకా తాగదని, ఎందుకు తాగదో ఎలా కనిపెట్టారో గానీ, సిబ్బంది మరుగుదొడ్డి తాళానికి మారుచెవి చేయించి కవరులో పెట్టి ఇచ్చారు. కవరు మీద "పుస్తకాల బీరువా" అని రాశారు. పరిశోధన గురించి ఆయన చెప్పినవి సగం మర్చిపోయింది గానీ ఆ కవరు ఇప్పటికీ దాచుకుంది. ఆ మనిషి ఇవాళ లోపల తెల్లచొక్కా వేసుకుని, పొరుగు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడికి బిస్కెట్లు అందిస్తూ, తన విద్యార్థిని గురించి గొప్పలు చెబుతూ ఉంటారు. గ్రంథం మొదట్లో ఒక హామీపత్రం ఉంది, సేకరించిన మాటలు పెద్దమ్మ అనుమతి మేరకు పరీక్షకులకు తప్ప ఎవరికీ వెల్లడించను అని, కింద తన సంతకం, దాని కింద ఆయన సంతకం. ఆ సంతకం పరువు కూడా పోతుంది. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తట్టింది, ఇన్నాళ్ళూ తట్టనందుకు సిగ్గేసింది.

ఆ ఇంటికి ఇరవైరెండేళ్ళ వయసులో వెళ్ళింది. బస్సు డిపో వెనక, టైర్లకు కొత్త పట్టీలు అతికే షెడ్డు దాటాక, రేకుల కప్పున్న పొడుగాటి ఇల్లు. మూడు కుట్టుమిషన్లు, పదకొండుమంది మనుషులు, ఒక పాత పేము కుర్చీ. ఆ కుర్చీలో పెద్దమ్మ. పగలు దిండుగలీబులు కుట్టేవాళ్ళు, బడిపిల్లల బట్టలకు అంచులు మడిచేవాళ్ళు, పొద్దు వాలితే కొందరు డిపో గోడ పక్క నిలబడేవాళ్ళు, కుట్టుపని అందరి కడుపూ నింపదు కదా. సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడిన తనని పెద్దమ్మ ఎగాదిగా చూసి "చదువుకున్నావా" అంది. ఎంతవరకు అని అడగలేదు, పేరు అడగలేదు, వెనక ఎవరున్నారని అడగలేదు. చదువుకున్నానంటే "అయితే కరెంటాఫీసు వాడు పంపిన కాగితం చదువు" అంది. చదివింది. ఆ రోజునుంచి పంతులమ్మ. కన్నతండ్రి లెక్కల మాస్టారు, వీధిలో అందరి పిల్లలకీ పాఠం చెప్పిన మనిషి, కొడుకనుకున్న కన్నబిడ్డ కూతురని ఆయన లెక్కకు అందలేదు. తను ఇల్లు వదిలి వచ్చేటప్పుడు తలుపు వేయలేదు, తెరవనూ లేదు, పేపరు చదువుతూ కూర్చున్నారు. ఆయనకు కొడుకు కాకపోయినా, ఆయన పంతులుతనం మాత్రం చెక్కుచెదరకుండా తనకే వచ్చింది. ఎవరైనా ఒక మాట తప్పు పలికితే ప్రాణం గిలగిలలాడుతుంది, సరిదిద్దితే గానీ తిన్నది అరగదు. ఆ వారసత్వమే ఇంత దాకా తెచ్చింది.

ఆ ఇంట్లో వేరే మాటలుండేవి. బయటివాళ్ళ ముందు మాట్లాడుకోడానికి, గోడ పక్కన ప్రమాదం వస్తే హెచ్చరించుకోడానికి, ఎవరు మంచివాడో ఎవరు కాడో ఒక్క ముక్కలో చెప్పుకోడానికి. నాలుగువందల పన్నెండు మాటలు. పెద్దమ్మ ఒక్కొక్కటీ చెప్పేది, మిషను తొక్కుతూనే చెప్పేది, చేతులు ఊరికే ఉంటే నోరు రాదనేది. టేపు పెట్టనిచ్చేది కాదు. ఒక్కో మాటకు ఒక్కో చీటీ, ఎవరు పలికారు, ఏ వేళ పలికారు, చివర ఎత్తారా దించారా. తను అడక్కుండా ముగ్గురు వేర్వేరు మనుషుల నోట విన్నాకే ఆ చీటీని పెట్టెలో వేసేది, అది తను పెట్టుకున్న నియమం, గైడుగారు కూడా మెచ్చుకున్నారు. ఇంటికి ఇంకో నియమం ఉంది, అది తనకన్నా ముందునుంచీ ఉంది. మాట నేర్పిన మనిషి, నేర్చుకున్న మనిషికి పూచీ. నేర్చుకున్నది ఆ మాటను బయటపడేస్తే నేర్పినదానికీ అదే శిక్ష. ఏడాదిపాటు గడప దగ్గర నేల మీద కూర్చోవాలి, అందరూ తిన్నాక తినాలి, ఎవరూ పలకరించరు. ఇదంతా మూడో అధ్యాయంలో ఆమే రాసింది, "పరస్పర బాధ్యతా వ్యవస్థ" అని పెద్ద పేరు కూడా పెట్టింది. పదకొండు పేజీలు రాసింది. తనకు నాలుగువందల పన్నెండు మాటలూ నేర్పింది పెద్దమ్మే అని, ఆ వ్యవస్థలో తను కూడా ఉందని, ఆ పదకొండు పేజీల్లో ఎక్కడా తట్టలేదు. చూసేవాళ్ళు తాము చూసేదాంట్లో లేమనుకుంటారు, చదువుకున్నవాళ్ళకు ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ.

పోలీసులకు అవగాహన తరగతి పెట్టించాలని ఆరేళ్ళు తిరిగింది. అర్జీలు, మళ్ళీ అర్జీలు, రేపు రమ్మంటే రేపు వెళ్ళింది, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి వెళ్ళింది, చెప్పులరిగాయి. స్టేషన్లో తమవాళ్ళని వేరే గదిలో కూర్చోబెట్టాలి, మగ పోలీసు ఒళ్ళు తడమకూడదు, ఫిర్యాదు ఇస్తే నవ్వకుండా రాసుకోవాలి, ఇవే అడిగింది. ఇందులో రెండు సాధించింది కూడా. నాలుగు నెలల కిందట కొత్త అధికారి వచ్చి సరే అన్నాడు, మూడు రోజులు శిక్షణ హాలు ఇచ్చాడు, నలభైమంది కానిస్టేబుళ్ళు. మొదటి రోజు చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండో రోజు ఇద్దరు ప్రశ్నలడిగారు. మూడో రోజు మధ్యాహ్నం ఒకడు "మీకు వేరే భాష ఉందటగా మేడం" అన్నాడు, వెటకారం లేకుండా అడిగాడు, ఆమె లోపల ఏదో కరిగిపోయింది. వీళ్ళకి మనం మనుషులమని ఎలా చెప్పాలా అని ఆరేళ్ళు మథనపడింది, మనకో భాష ఉందని చెబితే చాలదా, భాషున్న మనిషిని కర్రతో కొట్టగలరా అనిపించింది. ఎంత తెలివితక్కువ ఆలోచన. కొట్టినవాళ్ళందరికీ భాష ఉంది, దెబ్బలు తిన్నవాళ్ళందరికీ ఉంది. ఆ క్షణంలో మాత్రం అది గొప్ప ఆలోచనలాగే కనపడింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు మాటలు రాసింది. మూడే. మూడోది, ప్రమాదం పోయింది, బయటికి రావచ్చు అని చెప్పే మాట.

ముందు వరసలో ఒకతను. బూట్లు అద్దంలా మెరిపించుకుని వచ్చేవాడు, నోటుపుస్తకానికి అట్ట వేసుకున్నాడు, గుండ్రటి దస్తూరి. రోజూ తనకి టీ తెచ్చి ఇచ్చేది అతనే. తరగతయ్యాక ఉండిపోయి "మేడం, ఈ మూడోది నాకు సరిగ్గా రావట్లేదు, ఒకసారి వింటారా" అన్నాడు. పలికాడు. తప్పు. చివర సాగదీశాడు. సాగదీయకూడదు, కిందికి పడేయాలి, బరువైన సంచి దించినట్టు, అని చెప్పింది. మళ్ళీ పలికాడు. మళ్ళీ. ఎన్నిసార్లు పలికించిందో, పదిసార్లా, పన్నెండా. పెదవులు చూసింది, గొంతు విన్నది, లెక్కల మాస్టారి కూతురు కదా. చివరికి వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే ఆమెకు ఒళ్ళు పులకరించింది, నవ్వింది కూడా, "మా ఇంట్లోవాళ్ళకన్నా మీరే బాగా అంటున్నారు" అంది. అతను సిగ్గుపడ్డాడు. అతను అప్పుడే అనుకున్నాడా, తర్వాత అనుకున్నాడా, పైవాళ్ళు అడిగితే ఇచ్చాడా, నిజంగా నేర్చుకోవాలనే నేర్చుకుని తర్వాత మారాడా. ఇప్పటికీ తెలియదు. అతన్ని తిట్టుకోవాలని చూస్తే ముందు ఆ సిగ్గుపడ్డ ముఖం గుర్తొస్తుంది, తిట్టు సగంలో ఆగిపోతుంది. తనని తిట్టుకోవడమైతే సులువుగానే వస్తోంది.

ఇరవై మూడు రోజుల కిందట పొద్దు వాలే వేళ డిపో గోడ దగ్గరికి జీపు వచ్చింది. హెచ్చరిక మాట వినపడగానే ముగ్గురు టైర్ల షెడ్డులోకి దూరారు, టైర్ల దొంతుల వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, జీపు వెళ్ళిపోయిన చప్పుడైంది. కాసేపటికి బయటనుంచి ఆ మూడో మాట. ముగ్గురూ లేచి బట్టలు దులుపుకుని బయటికొచ్చారు. ఆ ముగ్గురిలో ఇంటికి వంట చేసిపెట్టే వంటామె ఒకతె, ఆ సాయంత్రం వాళ్ళకి తిండి తీసుకెళ్ళింది, నిలబడడానికి కాదు. బయట కాచుకుని ఉన్న పోలీసుల లాఠీకి ఆమె కుడి మణికట్టు విరిగింది. మర్నాడు ఆసుపత్రి మంచం మీద కట్టుతో కూర్చుని చెప్పింది, "మన మనిషే అనుకున్నా పంతులమ్మా. గొంతు కొత్తగా ఉంది గానీ మాట అచ్చం మనదే. చివర ఎంత చక్కగా పడేశాడనుకున్నావ్." ఆ మాట విన్నప్పుడు ఆమె చేతిలో నీళ్ళసీసా ఉంది, మూత తిప్పుతోంది, మూత బిగిసిపోయినా తిప్పుతూనే ఉంది.

ఆ రాత్రికే ఇల్లంతా కూర్చుంది. బయటికెలా పోయింది మాట. అందరి చూపులూ ఒకేచోటికి పోయాయి. రేడియో అంటే నలభైయేళ్ళ మనిషి, నోరు మూతపడదని ఆ పేరు, టీ కొట్టువాడితో, బస్సు కండక్టర్లతో, దారినపోయే కుక్కతో కూడా మాట్లాడుతుంది, ఒకప్పుడు పోలీసు జీపు డ్రైవరుతో పరిచయం ఉండేది. ఆమెకు మాటలు నేర్పిన మనిషి చచ్చిపోయి ఎనిమిదేళ్ళు, పూచీకి ఎవరూ లేరు, పడితే ఒక్కతే పడుతుంది. పెద్దమ్మ కుర్చీలోంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "నీ నోటినుంచి పోయిందా." లేదు పెద్దమ్మా. "నీ నోటినుంచి పోయిందా." లేదు పెద్దమ్మా. వరసలో తను ఐదోది. నాలుగోదాకా వచ్చాక పెద్దమ్మ ఆగింది, తనవైపు చూసింది, "పంతులమ్మని అడగక్కర్లేదు" అని ఆరోమనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. అబద్ధమాడలేదు. అడగనేలేదు కదా, అబద్ధమెలా అవుతుంది. ఇరవై రెండు రోజులుగా ఈ వాదన ఎన్నిసార్లు చేసుకుందో, పరీక్షకుల ముందైతే నిలబడే వాదనే, రాత్రి పక్క మీద మాత్రం నిలబడదు. చివర్న రేడియో వంతు. "నేను చాలామందితో చాలా వాగుతాను పెద్దమ్మా. ఇది వాగానో లేదో నాకే సరిగ్గా గుర్తు లేదు." ఎంత నిజాయితీగల మనిషి. తను చేయని తప్పు చేశానేమోనని భయపడింది. పక్కబట్టలు చుట్టుకుని తనంతట తనే మెట్టు మీదికి వెళ్ళింది. ఇప్పుడు మాట్లాడదు. నిమిషం నోరు మూయలేని మనిషి ఇరవై రెండు రోజులుగా మాట్లాడట్లేదు. పొద్దున తను ఇంట్లోంచి వస్తుంటే కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది, చెయ్యెత్తి బాగా చెప్పమన్నట్టు సైగ చేసింది.

ఇంట్లో ఇప్పుడు ఆ మాటలు ఎవరూ పలకరు. ఏ మాట ఎవరిదో ఇక నమ్మకం లేదు. ఉప్పు అందుకోమన్నా, వాడొస్తున్నాడన్నా అందరిలాగే అంటున్నారు. తొమ్మిదేళ్ళు చీటీల్లో దాచిన నాలుగువందల పన్నెండు మాటలు ఇవాళ ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా లేవు. ఒక భాషను బతికించడానికని వచ్చి దాన్ని చంపేసి, దాని మీద పట్టా పుచ్చుకోవడానికి బల్ల మీద కూర్చుని ఉంది. ఏడుపు రావాలి, రాలేదు.

మెట్ల మీద అడుగులు. ముందు వంటామె కట్టుకట్టిన చెయ్యి, వెనక ఇంకో ఇద్దరు, అందరికన్నా వెనక పెద్దమ్మ, మెట్టుకో నిమిషం ఆగుతూ. మోకాళ్ళు పోయి నాలుగేళ్ళైంది. ఇస్త్రీ బట్టలు, తలకు నూనె, చేతిలో రుమాలు. వరండాలో పోతున్న ఇద్దరు విద్యార్థులు ఆగి చూశారు, పెద్దమ్మ వాళ్ళని ఆశీర్వదిస్తున్నట్టు తలూపింది, వాళ్ళే తడబడి పోయారు.

"ఇన్ని మెట్లా చదువుకి," అంది రొప్పుతూ. "నీళ్ళున్నాయా."

ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

"పెద్దమ్మా, నీకో సంగతి చెప్పాలి. లోపలికి వెళ్ళకముందే."

పెద్దమ్మ మూత బిగించి సీసా చేతికిచ్చింది. కళ్ళు చాలాసేపు తన ముఖం మీదే ఉన్నాయి. "చెప్పేదంతా లోపల చెప్పు," అంది. "దానికేగా వచ్చాం."

వంటామె నవ్వి "మాకర్థమయ్యేట్టు చెప్పు, పోయినసారి లాగా ఇంగ్లీషులో దంచకు" అంది. తలుపు తెరుచుకుంది, అటెండరు రమ్మన్నాడు. ముందు తమవాళ్ళు వెళ్ళారు. పెద్దమ్మను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు, గైడుగారు స్వయంగా లేచి వచ్చి కుర్చీ సర్దారు. తర్వాత ఆమె వెళ్ళింది. పొడుగాటి బల్ల, అవతల నలుగురు, మధ్యలో అధ్యక్షుడు, నీళ్ళ గ్లాసుల మీద కాగితపు మూతలు. అభ్యర్థి సవరణలుంటే చదవవచ్చు అన్నారు. గైడుగారు చిరునవ్వు నవ్వారు, తొందరగా కానిమ్మన్నట్టు.

చదివింది. పద్నాలుగు, ఎనభైఎనిమిది, నూటముప్ఫై. గొంతు మామూలుగానే ఉంది, అదే ఆశ్చర్యం. ఏడోది చదివితే పొరుగు పరీక్షకుడు నవ్వాడు, పెద్దమ్మ నవ్వలేదు, వయసు విషయంలో ఆవిడ ఎప్పుడూ నవ్వదు. అంతే, కాగితం అయిపోయింది. కూర్చోవచ్చు. కుర్చీ వెనకే ఉంది, మోకాళ్ళ వెనక దాని అంచు తగులుతోంది. కూర్చుంటే అంతా అయిపోతుంది, మధ్యాహ్నానికి డాక్టరమ్మ, సాయంత్రానికి ఇంట్లో సంబరం, మెట్టు మీద రేడియో కాళ్ళు ముడుచుకుని దారిస్తుంది, ఏడాది పాటు ఇస్తూనే ఉంటుంది. కాళ్ళు ముడుచుకున్న తీరే కళ్ళముందు ఆడింది. మాటలు వాటంతటవే వచ్చాయి.

"పేజీ రెండువందల పన్నెండు, కింది నుంచి మూడో వాక్యం. 'ఈ మాటలు ఇంతవరకు ఆ ఇంటి గడప దాటలేదు' అన్నచోట, 'దాటాయి, దాటించింది నేనే' అని చదువుకోవాలి."

పొరుగు పరీక్షకుడు కలం కాగితం మీద పెట్టి ఆగాడు. "అంటే?" అన్నాడు.

చెప్పింది. గ్రంథంలో రాసినట్టు కాదు, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పింది. శిక్షణ హాలు, సుద్దముక్క, మూడు మాటలు. ఒకతనికి పలకడం రాకపోతే వచ్చేదాకా నేర్పానని, బాగా వచ్చిందని మెచ్చుకున్నానని. ఆ మాట విని ముగ్గురు బయటికొచ్చారని. అదిగో ఆవిడ చెయ్యి. "మా ఇంట్లో రేడియో అని ఒకావిడ ఉంది, తప్పు ఆవిడదని అందరూ అనుకుంటున్నారు. ఆవిడకి దీంతో సంబంధం లేదు. ఇరవై రెండు రోజులుగా నాకు తెలుసు, నేను చెప్పలేదు." గైడుగారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ముందు వరసవైపు మాత్రం ఆమె చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది.

కుర్చీ కదిలిన చప్పుడు. పెద్దమ్మ లేచింది. వంటామె మంచి చేత్తో పట్టుకోబోతే వద్దంది. నెమ్మదిగా, ఒక్కో అడుగు, కుర్చీల మధ్యనుంచి తలుపు దాకా నడిచింది. ద్వారబంధం పట్టుకుని ముందు ఒక మోకాలు వంచింది, అది వంగలేదు, పళ్ళు బిగించి ఇంకోటి వంచింది, గోడకు భుజం ఆనించి జారుతూ గడప దగ్గర నేల మీద కూర్చుంది. గదిలో ఎవరికీ వెంటనే ఏమీ అర్థం కాలేదు. ఆ ఇంటివాళ్ళు నలుగురికి తప్ప.

"ఏమమ్మా, కుర్చీ సరిగ్గా లేదా," అన్నాడు అధ్యక్షుడు. "అటెండర్, ఆవిడకి వేరే కుర్చీ వెయ్యి."

"వద్దు నాయనా. నాకు ఇక్కడే బావుంది," అంది పెద్దమ్మ. వంటామె వైపు తిరిగింది. "ఇంటికి ఫోన్ చెయ్యి. రేడియోని లోపలికి రమ్మను. అందరికంటే ముందు దానికి అన్నం పెట్టమను. నేను క్షమాపణ వచ్చాక చెప్పుకుంటాను."

ఆమె ఇప్పుడు చూసింది. నేల మీద పెద్దమ్మ, ఒక కాలు చాపుకుని, రుమాలుతో ముఖం తుడుచుకుంటోంది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, అన్నాళ్ళూ రాని ఏడుపు నలుగురు పరీక్షకుల ముందు వచ్చింది, ఆపుకోలేదు. "క్షమించు పెద్దమ్మా" అంది, ఆ మాట బయటికి వినపడిందో లేదో తెలియలేదు.

"నీ పట్టీ అయిపోయిందా," అంది పెద్దమ్మ.

"అయిపోయింది."

"కాలేదు. ఆ రోజు అందర్నీ అడిగాను, నిన్ను అడగలేదు. మర్చిపోయి కాదు. అడిగితే చెప్పేస్తావని భయమేసి." చాపిన కాలు చేత్తో సర్దుకుంది. "ఆసుపత్రిలో నీ మొహం చూశాను నేను. నా కుర్చీ కోసం, నీ చదువు కోసం, దాన్ని మెట్టు మీద కూర్చోబెట్టాను. ఇది కూడా రాయి. రాసి చదువు."

అధ్యక్షుడు ఏదో అనబోయాడు, గైడుగారు చెయ్యెత్తి ఆపారు. ఆమె సంచిలోంచి కలం తీసింది. పట్టికను బల్ల మీద తిరగేసి పెట్టి, ఎనిమిది అని వేసి తను చెప్పింది రాసింది. దాని కింద తొమ్మిది అని వేసి, పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే రాయడం మొదలుపెట్టింది.